నచ్చజెప్పిన మాట

"ఇంకోసారి చెప్పు తోహిర్," అంది పోలీసు కెప్టెన్ మౌజూదా.

తోహిర్ చెప్పాడు. మొదటిసారి ఎలా చెప్పాడో అలాగే, ఒక్క ముక్క అటూ ఇటూ పోకుండా చెప్పాడు.

"నా భార్య హుస్నోరా మీద పాత కక్ష మనసులో పెట్టుకుని, ఆమె నిద్రించిన తరువాత, గది పొయ్యి పొగగొట్టంలోని తిప్పుడు రేకును ఉద్దేశపూర్వకంగా మూసివేసి, ఏమీ ఎరగనట్టు రొట్టెల బట్టీకి వెళ్ళిపోయాను."

మౌజూదా కలం కింద పెట్టింది. ఇలాంటి గదుల్లో కూర్చుని మనుషుల మాటలు వినడంలోనే ఆమె సగం జీవితం గడిచిపోయింది. దొంగైనా హంతకుడైనా తన నేరం తన నోటితో చెబుతాడు. తడబడతాడు, వెనక్కి వెళతాడు, మధ్యలో తనని తానే తిట్టుకుంటాడు. రాత్రంతా మేలుకుని తందూర్‌లో రొట్టెలు వేసి బతికే మనిషి నోట 'ఉద్దేశపూర్వకంగా' అనే మాట పుట్టదు. అది ఎవరి నోట పుట్టిందో ఆమెకి తెలుసు. ప్రాసిక్యూటర్ ఆఫీసు దర్యాప్తు అధికారి అబ్రోర్ నిజామోవ్ కేసు కాగితాలన్నిటిలోనూ ఆ మాట ఉంటుంది.

"రేకు ఏ చేత్తో మూశావు?"

"కుడిచేత్తో."

"ఎలా మూశావో చూపించు."

తోహిర్ చెయ్యెత్తి గాలిలో మణికట్టు ఒకసారి తిప్పాడు. తిప్పి, లెక్క చేసి పంతులుకి పలక చూపించిన పిల్లాడిలా ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇలాగే కదా ఆపా?"

"నన్నడుగుతావేం? మూసింది నువ్వు."

"అవును. నేనే." అతను చెయ్యి దించుకున్నాడు. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. "మొదట్లో గుర్తు రాలేదు ఆపా. అబ్రోర్ అకా ఓపిగ్గా కూర్చుని గుర్తు చేశాడు. మంచి మనిషి, సొంత అన్నలా. ఒక్క దెబ్బ వెయ్యలేదు, గొంతు కూడా పెంచలేదు. టీ తెప్పించాడు. తన రొట్టెలో సగం విరిచి పెట్టాడు. 'తమ్ముడూ, నువ్వు చెడ్డవాడివి కాదు. కానీ ఈ చెయ్యి ఆమె మీద లేచింది కదా, లేచిన చెయ్యి మళ్ళీ లేవలేదని ఒట్టేసి చెప్పగలవా' అన్నాడు. చెప్పలేకపోయాను."

"కొట్టేవాడివా ఆమెని?"

"...ద్రాక్ష కోతలప్పుడు కొట్టాను."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారి కాదు," అన్నాడు బల్ల అంచు చూస్తూ.

శవపరీక్ష కాగితంలో రెండు సంగతులున్నాయి. చావుకి కారణం బొగ్గు నిప్పుల నుంచి వచ్చే విషవాయువు. శరీరం మీద కొత్త దెబ్బలేవీ లేవు, కానీ విరిగి అతుక్కున్న పక్కటెముక ఒకటుంది. మౌజూదాకి ఈ మనిషి మీద జాలి కలగలేదు. అతను ఆ పక్కటెముకకి జవాబు చెప్పాల్సిన రోజు వేరే ఉంది. ఇప్పుడు అడుగుతున్నది చావు గురించి.

"ఆ రాత్రి నువ్వు బట్టీకి బయలుదేరేటప్పుడు ఏం చేస్తోంది?"

"పొయ్యి దగ్గర కోటు వేసుకునే కూర్చుంది. గది వెచ్చబడింది, విప్పెయ్యమన్నాను. ఇంకా చలిగా ఉందంది. అంతే మా మాటలు. నేను గుమ్మం దాటగానే వెనక గొళ్ళెం పడింది. చలికి వేసుకుందో, నేను మళ్ళీ వస్తానని భయపడి వేసుకుందో. పొద్దున వచ్చి తలుపు బద్దలుకొట్టేదాకా ఆ చప్పుడే చెవిలో ఉంది."

"నువ్వు గుమ్మం దాటాక గొళ్ళెం పడింది."

"అవును."

"అంటే మేలుకునే ఉంది. మరి ఆమె నిద్రపోయాక రేకు మూశానన్నావు. ఎప్పుడు మూశావు తోహిర్?"

తోహిర్ గోడ వైపు చూశాడు, అరచేతులు చూసుకున్నాడు.

"అబ్రోర్ అకాని అడగండి ఆపా," అన్నాడు చివరికి, బతిమాలుతున్నట్టుగా. "ఆయనకి బాగా తెలుసు."

* * *

పేటలో ఆడవాళ్ళకి పెద్దదిక్కు, అందరూ అక్కగా పిలిచే రిసోలత్ ఆపా. ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాం విడిపోతామన్నా ముందు ఆవిడకే కబురు వెళుతుంది. ఆవిడ వెళ్ళి కూర్చుందంటే, ఎంత బిగుసుకున్న మనిషైనా సాయంత్రానికి మెత్తబడాల్సిందే. అలా నిలబెట్టిన కాపురాల పిల్లలు పండక్కి వచ్చి ఆవిడ చెయ్యి కళ్ళకద్దుకుంటారు. ఆ మధ్యాహ్నం ఆవిడ కిటికీ పక్కన జపమాలతో ఒంటరిగా కూర్చుని ఉంది. ముందున్న టీ చల్లారిపోయి పైన మీగడలా తెట్టు కట్టింది.

"హుస్నోరా అన్న ఇంటి నుంచి మీరు నచ్చజెబితేనే తిరిగొచ్చిందట," అంది మౌజూదా.

"నేను కాక ఎవరు నచ్చజెబుతారు తల్లీ? వాళ్ళన్నకి చేతకాదు, వదినకి అక్కర్లేదు. చలికాలం మొదలైనప్పటి నుంచీ ఆ ఇంటికి తిరుగుతూనే ఉన్నాను."

"ఏం చెప్పేవారు?"

"అందరికీ చెప్పేదే. బిడ్డ ముఖం చూడమన్నాను. వదిన ముఖం మాడ్చుకోకముందే లేచి రావడం మర్యాద అన్నాను. మగాళ్ళు వయసుతో చల్లబడతారన్నాను. కొట్టాడని ఏడిస్తే, ఇక కొట్టడు, నేను పూచీ అన్నాను."

"కొట్టనని అతను చెప్పాడా మీతో?"

"నా ఎదురుగా రొట్టె మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేశాడు. రొట్టెలు చేసి బతికేవాడు రొట్టె మీద అబద్ధమాడతాడా?"

"చివరికి ఆమె ఏమంది?"

"సరే అంది."

"అంతేనా?"

"అంతే. లేచి బూట్లు తొడుక్కుంది."

"రిసోలత్ ఆపా, ఒక్క మాట అడుగుతాను. ఆ పిల్ల ఒప్పుకుందా, అలిసిపోయిందా?"

జపమాల ఆగిపోయింది. ముసలావిడ కళ్ళు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి, ముందు కోపంతోనే.

"నువ్వు అడగాల్సిన మాటేనా అది? మనిషి చచ్చాక వస్తావు నువ్వు. వచ్చి బతికున్నవాళ్ళని ప్రశ్నలడుగుతావు. నా పని వాళ్ళు బతికుండగా. ఇల్లు కూలిపోతుంటే నిలబడి చూడమంటావా? ఈ వీధిలో నేను నిలబెట్టిన కాపురాలెన్నో అడుగు ఎవరినైనా! ఆ ఇనోయత్‌నే తీసుకో, తోహిర్ తల్లిని. కొత్తల్లో పుట్టింటికి పారిపోతే మా అమ్మ వెళ్ళి నచ్చజెప్పి తెచ్చింది. కాపురం నిలబడలేదా? కొడుకుని కనలేదా?"

"ఆవిడ మొగుడు కూడా కొట్టేవాడా?"

"పోయినవాడి మాట ఎందుకిప్పుడు." ముసలావిడ ముఖం పక్కకి తిప్పుకుంది. గొంతు తగ్గించి అంది, "అలిసిపోయిందేమో. నాకు తెలీలేదు తల్లీ. సరే అన్నారంటే ఒప్పుకున్నట్టే అనుకుంటాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను."

మౌజూదా మెల్లగా మొదలుపెట్టింది.

"ఆమె పోయిన రోజు సాయంత్రం దగ్గరుండి తీసుకెళ్ళింది మీరే కదా. గదిలోకి వెళ్ళారా?"

"వెళ్ళకుండా ఎలా? తోహిర్ చేతులు పట్టుకుని మరీ చూపించాడు. పాత పొయ్యి తీసేసి ఆమె కోసం కొత్త పొయ్యి, కొత్త గొట్టం కొని ఆ పూటే బిగించాడు. కట్టెలు చాలవని బొగ్గు కూడా తెచ్చాడు. ఆ ఇంట్లో ఎన్నడూ బొగ్గు వాడలేదు. పిల్ల కొంచెం నవ్వింది కూడా, గొట్టం అద్దంలా ఉందని."

"ఇనోయత్ ఖాలా ఏమన్నారు?"

"ఆవిడ ఎప్పుడేమంది కనక? ఈ పేటకి వచ్చినప్పటి నుంచీ ఆ నోట నాలుగు మాటలు కలిపి విన్నవాళ్ళు లేరు. నేను బయటికొస్తుంటే మాత్రం గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, 'ఎందుకు తెచ్చావు?' అంది. అత్త బుద్ధి అనుకుని విదిలించుకుని వచ్చేశాను."

"పిల్లాణ్ణి, దియోర్‌ని, ఆ రాత్రికి నాయనమ్మ దగ్గర పడుకోబెట్టమని మీరు చెప్పారా?"

"నేనా?" రిసోలత్ ఆశ్చర్యపోయింది. "ఆ పిల్లాడు తల్లిని వదిలి క్షణం ఉండడు. వాడు గదిలో ఉంటే వాళ్ళిద్దరి మధ్యా మాటలు తొందరగా కలుస్తాయనుకున్నాను నేను. ఎవరు వేరు చేశారు వాణ్ణి?"

మౌజూదా లేచి కోటు గుండీలు పెట్టుకుంది. గుమ్మం దాకా వచ్చాక వెనకనుంచి ముసలావిడ పిలిచింది.

"అమ్మాయ్, కొట్టడని పూచీ ఉన్నాను. చావదని పూచీ ఉండలేదు నేను. ఆ రెండూ ఒకటే అంటావా?"

* * *

తోహిర్ ఇంటి వాకిట్లో చెక్క అరుగు మీద మంచు గట్టిపడి ఉంది. అరుగుకి ఒక పక్క ఇనోయత్ ఉండే పెద్ద గది, ఎదురుగా హుస్నోరా చనిపోయిన చిన్న గది. విరిగిన తలుపుకి అతికించిన సీలు తీసి మౌజూదా లోపలికి వెళ్ళింది.

నేల మీద పరుపు అలాగే ఉంది. పరుపు మీద కోటు మడతపెట్టి ఉంది. అంటే చివరికి విప్పింది, వెచ్చబడ్డాక. మౌజూదా ఆ కోటు కేసి ఒక క్షణం చూసి, పొయ్యి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఇనప పొయ్యి, నల్లరంగు ఇంకా వాసన పోలేదు. గొట్టం తళతళలాడుతోంది. ఆమె చేతి తొడుగు తీసి, పొయ్యి మెడ దగ్గరనుంచి గొట్టం వెంట వేలు పోనిచ్చింది. పైకి, వంపు దగ్గర పక్కకి, కిటికీ దాకా. కిటికీలో ఒక అద్దం తీసేసి రేకు బిగించారు. గొట్టం ఆ రేకులోంచి బయటికి పోయింది. ఇంత పొడవునా ఎక్కడా ఒక చిల్లు లేదు, ఒక పిడి లేదు. నున్నగా ఉంది.

తోహిర్ గాలిలో తిప్పి చూపించిన రేకు ఈ గొట్టానికి లేనే లేదు.

ఆమె గది చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్ళింది. ఎండ తగలని చోటు, మంచు కరగలేదు. గొట్టం మూతి ఆమె తల ఎత్తులోనే ఉంది. మూతి లోపలి అంచుకి నార పోగులు కొన్ని అంటుకుని, చివర్లు మాడి ఉన్నాయి. దాని కింద గోడ మీదుగా నీళ్ళు కారి గడ్డకట్టిన చార, పసుపూ నలుపూ కలిసిన రంగులో ఉంది. తడిగుడ్డ. పొయ్యి బాగా రాజుకున్నాక, బయటినుంచి ఎవరో తడిగుడ్డ కుక్కారు. తరువాత తీసేశారు. పోగుల్ని పటకారుతో తీసి కవరులో వేసి జేబులో పెట్టుకుంది.

"చలిలో ఒంటరిగా ఏం వెతుకుతున్నారు మౌజూదా ఆపా?"

అబ్రోర్ నిజామోవ్ సందు మొదట్లో నిలబడి ఉన్నాడు. నలభై లోపు వయసు, శుభ్రంగా గీసిన గడ్డం, మంచి ఉన్ని కోటు. ఎప్పుడూ నవ్వుముఖమే.

"మీ తిప్పుడు రేకు వెతుకుతున్నాను," అంది ఆమె. "రండి, మీరూ చూద్దురు గాని."

గదిలోకి తీసుకెళ్ళి గొట్టం చూపించింది. అతను కూడా వేలు పోనిచ్చాడు. ఆ నవ్వు కొంచెం పలచబడింది. అంతకంటే ఏమీ కాలేదు.

"పాత గొట్టానికి ఉండేదేమో."

"పాత గొట్టం ఆ మధ్యాహ్నమే తీసేశాడు. బిగించినవాడే లేని రేకుని మూశానని చెబుతున్నాడు. చేత్తో తిప్పి చూపిస్తున్నాడు కూడా. ఆ రేకు మీ ఇంటి పొయ్యికి ఉందా అబ్రోర్?"

"దెప్పిపొడవకండి ఆపా. నేను వాడి మీద చెయ్యి వెయ్యలేదు. నేనెవరి మీదా చెయ్యి వెయ్యను, అది మీ స్టేషన్లలో అలవాటు. నేను కూర్చుని మాట్లాడతాను. మనిషి లోపల ఉన్నదాన్ని మెల్లగా బయటికి తెస్తాను."

"లోపల లేనిదాన్ని పెడుతున్నారు మీరు."

"వాడి లోపల నేరం లేదంటారా? ఆ పక్కటెముక మీరూ చూశారు."

"చూశాను. దానికి కేసు పెట్టండి, నేనే సాక్షినవుతాను. ఇది వేరు. గొళ్ళెం ఆమె లోపలనుంచి వేసుకుంది, వాడు వెళ్ళాక. నిద్రపోయిన మనిషి లేచి గొళ్ళెం వేస్తుందా?"

అబ్రోర్ గొట్టం మీదున్న వేలు తీసి రుమాలుతో తుడుచుకున్నాడు. "సాయంత్రం కాగితాలు పైకి వెళుతున్నాయి. రేకు మాట తీసేస్తాను. వాడితో మళ్ళీ కూర్చుంటాను. సాయంత్రానికి ఇంకోటి గుర్తొస్తుంది వాడికి."

ఆ మాట అతను బెదిరింపుగా అనలేదు. వంటవాడు కూర ఇంకా ఉడకాలన్నట్టు అన్నాడు. మౌజూదాకి ఆ గదిలో మొదటిసారి చలి వేసింది.

వాకిట్లోకి వచ్చేసరికి ఇనోయత్ ఖాలా అరుగు పక్కన నిలబడి ఉంది. చిన్న మనిషి, తలకి తెల్ల గుడ్డ. అబ్రోర్ గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి, "ఒంట్లో ఎలా ఉందమ్మా? నిద్ర పడుతోందా? నేను చెప్పింది మర్చిపోకండి," అన్నాడు. ఆవిడ తల ఊపింది. అతను వెళ్ళి కారెక్కేదాకా తల ఎత్తలేదు.

"లోపలికి రా అమ్మాయ్," అంది కారు చప్పుడు పోయాక. "టీ తాగి వెళ్ళు."

పెద్ద గదిలో దియోర్ రజాయి కింద ముడుచుకుని నిద్రపోతున్నాడు. ఇనోయత్ కూజా ఎడమ చేత్తో పట్టుకుని పియాలాలో టీ పోసింది. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది.

"చెయ్యి కాలిందా ఖాలా?"

"తందూర్."

"రొట్టె వేసేటప్పుడు కాలితే ముంజేతి పైన కాలుతుంది. మా అమ్మకి ఇక్కణ్ణించి మోచేయి దాకా మచ్చలే. మీకు అరచేతిలో కాలింది. చూపిస్తారా?"

ముసలావిడ వాదించలేదు. పళ్ళతో ముడి విప్పుకుని చెయ్యి చాచింది. అరచేతికి అడ్డంగా, చంద్రవంకలా వంగిన కాలిన గీత ఉంది. గొట్టం మూతి అంచు ఎంత వంపో, అంతే.

మౌజూదా ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. అడగాల్సిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. ఒక్కటే అడిగింది.

"పిల్లాణ్ణి ముందే ఇక్కడికి తెచ్చుకున్నారెందుకు?"

"పొగ తగలకూడదని."

బయట ఎవరో గాడిదని అదిలిస్తూ పోతున్నారు. ఆ కేక దూరమయ్యాక ఇనోయత్ మొదలుపెట్టింది. జీవితంలో ఎప్పుడూ అన్ని మాటలు వరసగా మాట్లాడి ఉండదు. ఒక్కో మాటకీ ఆగి, తరువాతి మాట ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు చెప్పింది.

"రిసోలత్ వెళ్ళాక దాన్ని ఇక్కడికి పిలిచాను. 'పో' అన్నాను. 'ఇప్పుడే పో అమ్మా' అన్నాను. నేనంటే గిట్టక అంటున్నాననుకుంది. ఏడ్చింది. 'మాటిచ్చాను, ఇప్పుడు పోతే నన్నేమంటారు' అంది. నాకు ఇంకేం చెప్పాలో తెలీలేదు. రిసోలత్‌కి మాటలొచ్చు. వాళ్ళమ్మకీ వచ్చు. నాకు రావు."

"ఎందుకు పొమ్మన్నారు? కొడుకు కాపురం నిలబడితే మీకు మంచిదే కదా."

ఇనోయత్ ఆమె ముఖంలోకి మొదటిసారి తిన్నగా చూసింది.

"వాడి నాన్న కూడా రొట్టె మీద ప్రమాణం చేశాడు."

మౌజూదా ఆ చెయ్యి వదల్లేదు.

"నేనూ సరే అన్నాను. బూట్లు తొడుక్కుని వచ్చాను. ఆ మొదటి రాత్రే వెళ్ళిపోయి ఉంటే బయటపడేదాన్ని. తరువాత అలవాటైపోతుంది. పిల్లలు పుడతారు. ఎడమ చెవి వినపడదు నాకు, ఎవరికీ తెలీదు. అది బంగారం లాంటి పిల్ల అమ్మాయ్. నా మంచం పక్కన కూర్చుని కుట్టుకునేది. మాట్లాడమని అడిగేది కాదు. దాన్ని పంపించెయ్యాలి. కానీ మాట తప్పిందన్న పేరు దానికి రాకూడదు. అప్పుడు పొయ్యి చూశాను. పొగ నిండితే ఉండలేక లేస్తుంది. అన్న ఇల్లు ఎంత దూరం? తప్పు పొయ్యిదవుతుంది. పొగబెట్టి తరిమిన అత్తనని నన్నంటే అననీ."

"వాడు బట్టీకి వెళ్ళాక..."

"గోనె తడిపి కుక్కాను. చెయ్యి కాలింది. వచ్చి ఆ అరుగు మీద కూర్చున్నాను, తలుపు తీస్తుందని. బయటికొస్తే చలేస్తుంది కదా, దాని శాలువా నా ఒళ్ళో పెట్టుకున్నాను. పొగ రాలేదు. తందూర్‌లో పత్తికట్టెలు వేసి మూస్తే కళ్ళు మండిపోతాయి, నిలబడలేం. ఇదీ అంతే అనుకున్నాను. బొగ్గు నిప్పులైపోతే పొగ ఉండదని నాకు తెలీదు. మా ఇంట్లో ఎప్పుడూ లేదు బొగ్గు. దాని కోసమని వాడు ముచ్చటపడి తెచ్చాడు. ఇంతలో లోపల దియోర్ లేచి ఏడ్చాడు. పక్కలో పడుకుని జోకొట్టాను. నాకూ కన్నంటుకుంది."

అంతకంటే చెప్పడానికేమీ లేదు. మెలకువ వచ్చాక ఏం జరిగిందో మౌజూదాకి తెలుసు. గోనె లాగి పారేసి ఉంటుంది. తలుపు తట్టి ఉంటుంది. ఈ చిన్న భుజాలకి ఆ గొళ్ళెం విరిగి ఉండదు. కొడుకు వచ్చేదాకా ఆ తలుపుకి ఆనుకుని ఉండి ఉంటుంది.

"కొడుకు జైల్లో ఉన్నాడు ఖాలా. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను."

"ఎవరికి?"

"ఆ బాబుకే. ఇప్పుడొచ్చి వెళ్ళాడే, ఆయనకే. వాణ్ణి తీసుకెళ్ళిన మర్నాడే వెళ్ళి మొత్తం చెప్పాను."

మౌజూదా పియాలా పక్కకి నెట్టింది.

"ఏమన్నాడు?"

"ఎంత బాగా మాట్లాడాడో. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. 'అమ్మా, కొడుకుని కాపాడుకోవడానికి ఏ తల్లైనా ఇలాగే చెబుతుంది. మీరు అబద్ధమాడుతున్నారనను. దుఃఖంలో మనసు అలా కథ కట్టుకుంటుంది. ఈ వయసులో, ఈ చీకట్లో, మంచులో, మీరు వెనక సందులోకి వెళ్ళడమేమిటి? ఆ గోనె ఏదీ, చూపించండి' అన్నాడు. గోనె ఆ పొద్దునే తందూర్‌లో పడేశాను కదా. 'ఆ చెయ్యి ఎప్పుడో రొట్టెలు చేస్తుంటే కాలింది, మీరు మర్చిపోయారు' అన్నాడు. తన కారులో ఇంటి దగ్గర దింపాడు. దారి పొడుగునా అదే చెబుతూ వచ్చాడు. ఇంటికొచ్చేసరికి నాకే అనుమానమొచ్చింది. నిజంగా వెళ్ళానా సందులోకి? కలగన్నానా?"

అంటే అతనికి ముందే తెలుసు. చేతికి చిక్కిన ఒప్పుకోలు నున్నగా ఉంది. పెళ్ళాన్ని కొట్టే మొగుడు, పాత కక్ష, అందరూ నమ్మే కథ. దాన్ని ఒక ముసలావిడ మాటలు పాడుచేస్తున్నాయి. అందుకని చెయ్యనివాడికి చేశావని నచ్చజెప్పాడు, చేసినావిడకి చెయ్యలేదని నచ్చజెప్పాడు. ఇద్దరి మీదా చెయ్యి వెయ్యలేదు. ఇద్దరూ అతన్ని మంచివాడంటున్నారు.

మౌజూదా జేబులోని కవరు మీద చెయ్యి వేసుకుంది. మాడిన నాలుగు నార పోగులు, గోడ మీద గడ్డకట్టిన చార, ఈ అరచెయ్యి. ఎండ కాస్తే చార పోతుంది. చెయ్యి మానిపోతుంది. ఆవిడ ఇప్పటికే సగం మర్చిపోతోంది.

"అమ్మాయ్," అంది ఇనోయత్. మంచి చెయ్యితో మౌజూదా మోకాలు పట్టుకుంది. "రోజూ పడుకునేటప్పుడు ఆ బాబు మాటలే అనుకుంటాను. కొంచెం నిద్ర పడుతుంది. తెల్లారేసరికి ఒళ్ళో శాలువా ఉన్నట్టే ఉంటుంది. నాకు తెలీడం లేదు. నువ్వు చదువుకున్నదానివి, వెనక్కి వెళ్ళి చూసొచ్చావు. నువ్వు చెప్పు. చేశానా నేను?"

ఎన్ని మాటలైనా చెప్పవచ్చు. తెలియక చేశారని చెప్పవచ్చు, పొయ్యి చేసిందని చెప్పవచ్చు, ఒకప్పుడు మిమ్మల్ని ఈ ఇంటికి తిరిగి తెచ్చినవాళ్ళు చేశారని చెప్పవచ్చు. అవన్నీ కొంత నిజమే. ఆవిడ ఏది చెబితే అది నమ్మడానికి సిద్ధంగా కూర్చుని ఉంది. మౌజూదాకి భయం వేసింది అందుకే.

"చేశారు ఖాలా," అంది.

ముసలావిడ కాలిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, పిల్లాడు లేవకుండా, కోడలు పోయాక మొట్టమొదటిసారి ఏడ్చింది.